ఇంకొక్కసారి తొయ్యమ్మా

"ఆయమ్మా, ఇంకొక్కసారి గేటు దగ్గర్నుంచి తోసుకురా. ఈసారి కొంచెం పరుగెత్తాలి, సరేనా?"

టీవీ అమ్మాయి ఆ మాట అనేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బండమ్మ పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. కన్నవాళ్లు పెట్టిన పేరేదో ఉంది గాని, పద్దెనిమిదేళ్లుగా అత్యవసర విభాగంలో స్ట్రెచరు బండి తోస్తున్నందుకు ఆస్పత్రిలో అందరికీ ఆమె బండమ్మే. లోపలికి తెచ్చిన మనిషిని బయటికి తీసుకెళ్లి మళ్ళీ లోపలికి తేవడమనే విద్య మాత్రం, ఆస్పత్రి మీద కార్యక్రమం తీస్తామని టీవీ వాళ్లు వచ్చిన ఈ పది రోజుల్లోనే నేర్చుకుంది.

"ఇంజెక్షన్ ఇచ్చేశారు కదమ్మా. ఫిట్స్ తగ్గి ఇప్పుడే కునుకు పట్టింది. మళ్ళీ ఎండలోకి ఎందుకు?"

"ఇందాక లైటు వెయ్యలేదు. చూసేవాళ్లకి నిజంగా జరిగినట్టు ఉండాలిగా!"

నిజంగా జరిగింది చాలలేదు కాబోలు. దూరంనుంచి ఆస్పత్రి సూపర్‌వైజరు కళ్లెర్రజేశాడు. బండమ్మ తోసింది.

స్ట్రెచరు మీద ఉన్నది నాలుగిళ్లలో వంట చేసుకుని బతికే మనిషి. గేటు గట్టు దాటేటప్పుడు ఆమె తల అటూ ఇటూ ఊగింది. పక్కన పరుగెత్తుతున్న ఆమె అక్క, "మళ్ళీ ఎక్కడికి? మా చెల్లిని వేరే ఆస్పత్రికి పంపేస్తున్నారా?" అని బావురుమంది. ఆ ఏడుపు కెమెరాకి బాగా కుదిరినట్టుంది. టీవీ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. బండమ్మకు ఒళ్లు మండింది.

మంచం మీదికి చేర్చగానే సూపర్‌వైజరు పసుపు కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. రోగి తాలూకు వాళ్లచేత దానిమీద సంతకమో వేలిముద్రో పెట్టించడం ఈ పది రోజులుగా ఆమె పని. బండమ్మ చెబితే ఎవరూ కాదనరు మరి. "వైద్యానికి ఒప్పుకున్నట్టు, అంతే" అని అతను మొదటిరోజే చెప్పాడు.

ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఏ కాగితం ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. కేసు షీటు మంచానికి, రక్తం చీటీ ల్యాబుకి, మందుల చీటీ మందులిచ్చే కిటికీ దగ్గరికి. ఈ పసుపు కాగితం ఒక్కటే తిన్నగా టీవీ అమ్మాయి సంచిలోకి పోతోంది. ఆస్పత్రి కాగితానికి ఆ సంచిలో ఏం పని? మూడు రోజులుగా ఈ అనుమానం ఆమెను తొలిచేస్తోంది.

అక్క పెన్ను అందుకుంది. "ఇక్కడ పెట్టమ్మా, వైద్యానికే" అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. బండమ్మ దాన్ని మింగేసింది.

"నీకు చదువొచ్చా?"

"కూడబలుక్కుని చదువుతానక్కా."

"అయితే చదువు. నాకు వినపడేలా."

"రోగి ముఖము, గొంతు, జబ్బు వివరములు... కార్యక్రమంలో ఎన్నిసార్లయినా చూపుటకు... పూర్తి ఇష్టంతో..." అక్క కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. "వైద్యం అన్న మాటే లేదక్కా ఇందులో!"

బండమ్మ తల దించుకుంది. పది రోజులుగా ఎంతమంది తన ముఖం చూసి సంతకాలు పెట్టారో! సిగ్గుతో చచ్చిపోయింది.

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "చెల్లికి ఫిట్స్ ఉన్నాయని ఆ ఇళ్లల్లో తెలీదక్కా. ఇదివరకు ఒకింట్లో తెలిసి, అంటుకుంటుందని గ్లాసు కూడా ముట్టనివ్వలేదు, ఆ రోజే పొమ్మన్నారు. ఇది టీవీలో వస్తే దానికి పనిచ్చే ఇల్లే ఉండదు."

"ముఖానికి మసక వేస్తాం లేండి" అంది టీవీ అమ్మాయి.

"మొన్న ఇక్కడికొచ్చిన ఇస్త్రీ ఆయనకీ వేశారుగా" అంది బండమ్మ. "టీవీలో గొంతు విని మా వీధి వీధంతా గుర్తుపట్టింది. పెళ్లానికి కూడా చెప్పుకోని రోగం పిల్లలకి కూడా తెలిసిపోయింది. ఆయన తలుపు తియ్యడం మానేశాడు."

"నీకెందుకివన్నీ బండమ్మా?" సూపర్‌వైజరు విసుక్కున్నాడు. "పెట్టిస్తే పెట్టించు. లేదా రేపట్నుంచి డ్యూటీకి రాకు."

పద్దెనిమిదేళ్ల పని అది. అయినా బండమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అక్క గుప్పిట్లో కుక్కింది.

"పెట్టించను సార్. ఇప్పటిదాకా పెట్టించినవాళ్లకి కూడా, నేను చెప్పింది అబద్ధమని చెప్పేస్తాను."

టీవీ అమ్మాయి కెమెరా మనిషికి ఆపొద్దని సైగ చేసింది. గొడవ బాగా రక్తి కట్టింది మరి. అతను బండమ్మ ముఖానికి జానెడు దూరందాకా వచ్చాడు.

"నన్నడిగావా?" అంది బండమ్మ. "నా కాగితం ఏదీ?"

అతను కెమెరా దించలేదు.

పక్క మంచం మీది ముసలాయన మోచేతి మీద లేచాడు. "అమ్మాయ్, నిన్న నా చేత కూడా వేలిముద్ర వేయించావు. అందులో ఏం రాసుంది?"

వార్డులో అందరూ ఆమెవైపే చూస్తున్నారు. కెమెరా కూడా అటే తిరిగింది. బండమ్మ దానికి వీపు పెట్టి, ముసలాయన చెవి దగ్గరికి వంగి, ఆయనకొక్కడికే వినపడేలా చెప్పడం మొదలుపెట్టింది.