ఓనరుగారు

కింది వాటాలో అద్దెకుంటున్న సొంత అక్కని ఖాళీ చేయించి, ఎక్కువ ఇచ్చేవాళ్లని దింపాలని తమ్ముడి ఆశ. నోటిమాట చెల్లదు, నెల ముందే రాసివ్వాలని వకీలు చెబితే వాడికి ప్రాణం లేచొచ్చింది. మొహం చూసి చెప్పలేని పిరికివాడికి కాగితం భలే పనికొస్తుంది!

కుట్టుమిషను ఆపి అక్క పైకే చదివింది. "'శ్రీమతి గారికి... మీరు నెలలోగా ఇల్లు ఖాళీ చేయవలెను.' ఇదేంట్రా?"

"నోటీసంటే అలాగే రాయాలటక్కా," అన్నాడు నీళ్లు నములుతూ.

"చంకనేసుకుని పెంచాను. ఒక్కనాడైనా నన్ను 'మీరు' అన్నావట్రా?"

ఆమె కాగితం మడిచిపెట్టి, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ల కుర్చీని కొంగుతో తుడిచి ముందుకు జరిపింది.

"నిలబడ్డారేం ఓనరుగారూ? కూర్చోండి."