ఇంజనీరుగారి మీద చిరిగాను

నేను ఒక షామియానాని. ఎరుపు, పసుపు చారలు, అంచుకి తెల్లటి కుచ్చులు. రాజమండ్రిలో కుట్టుమిషను కింద పుట్టి, సప్లై కంపెనీ దొరబాబు చేతికొచ్చాను. అబ్బో, నా వైభోగం ఏం చెప్పమంటారు! నా కింద పెళ్లిళ్లు జరిగాయి, ఓణీల ఫంక్షన్లు జరిగాయి. ఒకే వారంలో రెండు పార్టీలవాళ్లూ నా నీడలోనే నిలబడి ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. కాస్త నీడ దొరికితే చాలు, మనుషులకి ఎక్కడలేని నోరూ లేస్తుంది.

ఒకరోజు నన్ను ఊరి బడి ఆవరణలో కట్టారు. ఆ బడి స్లాబు వానొస్తే కారుతుంది, మామూలప్పుడు పెచ్చులు రాలుస్తుంది. కొత్త భవనం కావాలని సర్పంచి నూకరత్నం మూడేళ్లుగా ప్రతి మండల సమావేశంలోనూ లేచి అడుగుతోంది. "చూద్దామమ్మా" అని మండలం అధికారులు టీ తాగేవారు. ఎట్టకేలకి జిల్లా నుంచి ఇంజనీరుగారు బడి చూడటానికి వస్తున్నారు. కొత్త భవనమా, ఉన్నదానికే మరమ్మతా అన్నది ఆయన చేతిలో ఉంది.

మరి మనవాళ్లు ఏం చేశారో తెలుసా? మర్యాద చేశారు! అంత పెద్దమనిషిని ఆ పెచ్చుల కింద కూర్చోబెడతామా అని ఊరిపెద్దలు నన్ను తెప్పించారు. ఆయన కారు దిగి నేరుగా నా కిందికే వచ్చారు. దండ, కొబ్బరినీళ్లు, పూతరేకులు, ప్రసంగాలు. లోపలికి రమ్మనడానికి నూకరత్నం నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు మైకందుకున్నారు. ఆయన కుర్చీలోంచే బడిని చూసి, "బాగానే ఉందిగా! సున్నం కొట్టిస్తే సరిపోద్ది" అనేశారు. నూకరత్నం మొహం వాడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. నేను లేకపోతే ఆయన లోపలికి వెళ్లేవారు కదా!

పొద్దున్నుంచీ ఉరుముతున్న మబ్బు అప్పుడు కురిసింది చూడండీ! నా నడిమధ్య నీళ్లు చేరి పొట్ట బానలా వేలాడింది. నీళ్లు పారబొయ్యాలని దొరబాబు కర్రతో ఒక్క పోటు పొడిచాడు. నా వయసు గుడ్డ ఆగుతుందా? పర్రుమని చిరిగాను. సరిగ్గా ఇంజనీరుగారి నెత్తిన! దండతో సహా నిలువునా తడిసి ఆయన బడిలోకి లగెత్తారు. నేను గాలికి కొట్టుకెళ్లి, బడి కిటికీకి తగులుకుని వేలాడుతూ చూశాను.

"సారూ, అక్కడ కారుద్దండీ!" అరిచారు పిల్లలు.

ఆయన పక్కకి జరిగారు.

"అక్కడ పెచ్చులూడతాయండీ!"

ఇటు గెంతారు.

"అక్కడైతే రెండూనండీ!"

పిల్లలు పడీపడీ నవ్వారు. చివరికి పొడిగా ఉన్న ఒకే ఒక్క మూలలో, ఒకటో తరగతివాళ్ల మధ్య ఇరుక్కుని గొంతుక్కూర్చున్నారాయన.

"ఇంత ఘోరంగా ఉందని చెప్పాలి కదమ్మా!"

"మూడేళ్లనించీ చెప్తానే ఉన్నానండి," అంది నూకరత్నం. "చెప్తే తడవరు కదండీ, అందుకే తవరికి తెలీలేదు."

ఆ మూలలోంచే ఆయన కొత్త భవనానికి ఒప్పుకున్నారు. నాకు ఈల వెయ్యాలనిపించింది! దొరబాబు "నా టెంటు!" అని లబోదిబోమన్నాడు గానీ, పిల్లల కేరింతల్లో ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడు నేను నాలుగు ముక్కలు. పెద్ద ముక్కని అదే ఆవరణలో సిమెంటు బస్తాల మీద కప్పారు. రోజూ మేస్త్రి నన్నెత్తి బస్తాలు తీసుకుంటాడు. నేను కిందికి దిగుతుంటే గోడ పైకి లేస్తోంది. నేనిచ్చిన ప్రతి నీడనీ సాయంత్రానికల్లా విప్పి చుట్టేసేవారు. ఈ బడి నీడని ఎవరు చుడతారో రమ్మనండి!