మాకు శుక్రవారం వద్దు

నా గొంతు గురించి ముందే చెప్పేస్తాను. ఫోన్లో విన్నవాళ్ళు నన్ను పాతికేళ్ళ పిల్లననుకుంటారు. ఎదురుగా చూశాక వాళ్ళ మొహాల్లో నిరాశ చూడాలి! నా వయసు ముప్పై తొమ్మిది, పేరు లోవలక్ష్మి, సొంతూరు తుని. వారంలో ఆరు రోజులు సికింద్రాబాదు మారేడ్‌పల్లిలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎక్కడో డాక్టర్లు గొణిగిన మాటల్ని టైపు చేస్తాను. ఎవరి మోకాలి నొప్పో, ఎవరి గుండెదడో. ఆదివారం ఒక్కరోజు కార్ఖానా బస్తీలో జకర్యా రికార్డింగ్ స్టూడియోకి వచ్చి నా మాటలు నేను మాట్లాడుకుంటాను.

ఇది రెండువేల సంవత్సరం. ఊళ్ళో ప్రతి మూడో మనిషీ ఒక డాట్ కామ్ పెడుతున్న రోజులు. మా తుని వాడే కల్యాణ్ కూడా ఒకటి పెట్టాడు, కంప్యూటర్లో తెలుగు నాటకాలు వినిపిస్తానని. సికింద్రాబాదులో దిగినప్పుడు వాడికి గది చూసిపెట్టింది నేనే. నేను రాసుకున్న సైన్స్ ఫిక్షన్ నాటకం సంగతి తెలిసి, "చేసేద్దాం అక్కా" అన్నాడు. ఎనిమిది భాగాలు. పేరు 'ఆగిన గురువారం'.

ఆ కథ తెలియకపోతే నా గొడవ మీకు అర్థం కాదు. నూటయాభై ఏళ్ళ తర్వాత ఒక రాష్ట్రం. ముఖ్యమంత్రి మంచాన పడి ఉంటాడు. ఆయన తనంతట తానే గద్దె దిగిపోతున్నట్టు మేనల్లుడు ఒక దొంగ ఉత్తరం పుట్టిస్తాడు. దాని మీద ముఖ్యమంత్రిగారి స్టెనో సువర్ణ సాక్షి సంతకం కావాలి. సాయంత్రం ఐదింటిలోగా ఆమె సంతకం పెడితే శుక్రవారం వస్తుంది, మేనల్లుడు గద్దెనెక్కుతాడు. పెట్టకపోతే కాలం వెనక్కి తిరిగి మళ్ళీ అదే గురువారం తెల్లారుతుంది. ఆమెకు తప్ప ఎవరికీ నిన్నటిది గుర్తుండదు. ఏడు భాగాల్లో సువర్ణ నలభై గురువారాలు బతికింది, ఒక్కసారి కూడా పెట్టలేదు. ఎనిమిదో భాగంలోనూ పెట్టదు. ఆమె అలా మొండికేయగా వేయగా, చివరికి మేనల్లుడికే నిన్నటిది గుర్తురావడం మొదలవుతుంది. అక్కడితో నాటకం అయిపోతుంది.

ఆ చివరి భాగం చేసే ఆదివారం కల్యాణ్ కొత్త కాగితాలతో వచ్చాడు.

"లాస్ట్ రెండు పేజీలు మార్చాం అక్కా."

"మార్చాం అంటే? ఎవరెవరు?"

"పోలరాజుగారు మార్చమన్నారు."

పోలరాజుగారంటే కల్యాణ్ కంపెనీలో పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి. ఆయనకి వచ్చే నెల్లో ఒక మంత్రిగారితో స్థలం పని ఉందట. ఈ సమయంలో దొంగ ఉత్తరాలూ, గద్దెలు లాగెయ్యడాలూ తన పేరు మీద వినిపిస్తే బాగుండదట.

"మేనల్లుడు నిజానికి మంచోడే అని తెలుస్తుంది. సువర్ణ సంతకం పెట్టేస్తుంది. ఫ్రైడే వచ్చేస్తుంది. అందరూ హ్యాపీ. నువ్వు మార్చాల్సింది ఒక్క లైనే అక్కా, సింపుల్."

కాగితం మీద చూశాను. 'ఆలోచించాను. సంతకం పెడతాను.' అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ మంట సగం వాడి మీద, సగం నా మీద.

ఎందుకో కూడా చెబుతాను. అంతకు ముందు ఏడాది మా ఆఫీసులో నా పక్క సీటు రుఖియాది. రాత్రి షిఫ్టు ఆడవాళ్ళకి ఆఫీసు బండి ఎందుకివ్వరని ఆ పిల్ల గట్టిగా అడిగింది. పదిరోజుల్లో ఆమె 'ఇష్టపూర్వకంగా' ఉద్యోగం మానేస్తున్నట్టు ఒక కాగితం తయారైంది. సాక్షి సంతకం కావాలన్నారు. పక్క సీటు నాదే కదా, నేను పెట్టాను. అరనిమిషం కూడా పట్టలేదు. అది గురువారం. అల్వాల్‌లో ఆమె ఇల్లు నాకు తెలుసు, వెళ్ళి మొహం చూపించే ధైర్యం మాత్రం ఇప్పటికీ రాలేదు. నేను పెట్టిన సంతకాన్ని పెట్టకుండా ఉండే మనిషిని చూడాలనే సువర్ణని పుట్టించాను. ఇప్పుడు ఆమె చేత కూడా పెట్టించమంటున్నాడు, నా నోటితోనే.

"ముందు రికార్డింగ్ మొదలుపెట్టండి" అన్నాను.

జకర్యా ఫ్యాన్ ఆపి, అద్దం వెనక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కల్యాణ్ అతని పక్కన నిలబడ్డాడు. మైకు దగ్గర మేం ముగ్గురం. మేనల్లుడి వేషం వేసే తాతాజీగారు రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. కాగితం మీద ఉన్న ఒక్క అక్షరం కూడా మార్చని మనిషి. శబ్దాలు చేసే షంషీర్ చాచాకి కింద వీధిలో తాళాల దుకాణం ఉంది. గడియలూ బోల్టులూ బిగించిన చిన్న తలుపు ఒకటి చేసుకొచ్చి మైకు పక్కన పెట్టుకుంటాడు. శబ్దాలు తర్వాత విడిగా కలుపుకోవచ్చని జకర్యా మొదట్లోనే చెప్పాడు. చాచా ఒప్పుకోలేదు. "మాట ఒక తాన, తలుపు ఒక తాన ఉంటే అది నాటకం ఎట్లయితది?" అని, మేం మాట్లాడుతుండగానే తలుపు కూడా వేస్తాడు.

ఎర్ర బల్బు వెలిగింది.

"సువర్ణా, ఐదవుతోంది. సంతకం పెడతావా, పెట్టవా?" అన్నారు తాతాజీగారు.

"పెట్టను" అన్నాను.

"అక్కా, పేజీ చూడు" అంది స్పీకర్లోంచి కల్యాణ్ గొంతు.

రెండోసారి. "పెట్టను." మూడోసారి కూడా అంతే. నేనేదో వీరనారినని అనుకోకండి. నాలుగోసారి నిజంగానే చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంటికి పోయి స్నానం చేసి పడుకోవచ్చు, ఎవరితోనూ తగువుండదు. 'సంతకం' దాకా వచ్చి నాలుక ఆగిపోయింది. ఎదురుగా తాతాజీగారు కాదు, తలొంచుకుని సొరుగు ఖాళీ చేసుకుంటున్న రుఖియా కనిపించింది. "పెట్టను" అన్నాను, ఈసారి గట్టిగా.

తొమ్మిదోసారికి మా బట్టలు చెమటతో తడిసిపోయాయి. కల్యాణ్‌కి విసుగు పుట్టింది.

"సరే, నువ్వు చెప్పక్కర్లేదు. మూడో భాగంలో మేనల్లుణ్ణి బురిడీ కొట్టించడానికి 'సంతకం పెడతాను' అంటావు కదా. జకర్యా, అది కట్ చేసి ఇక్కడ పేస్ట్ చెయ్."

నా గొంతుని నా మీదకే తోలడమంటే ఇదే కదా! జకర్యా ఆ ముక్క వెతికి వినిపించాడు. "సంతకం పె..." అని నా గొంతు, దాని మీద ఠాప్‌మని షంషీర్ చాచా గడియ. మిగతా మాట గడియ కింద నలిగిపోయింది.

"ఆ తలుపు తీసెయ్" అన్నాడు కల్యాణ్.

"ఎట్ల తీస్తం సార్? రెండు కలిసే ఎక్కినయి. తలుపు తీస్తే మాట సుత పోతది" అన్నాడు జకర్యా.

షంషీర్ చాచా మీసం కింద నవ్వుకున్నాడు. "నేను చెప్పలేదా, విడిగా వద్దని? ఏందో పరేషాన్ అయితుండు పాపం."

కల్యాణ్ అద్దం గదిలోంచి బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "అక్కా, ఆయన వెనక్కి తగ్గితే నా కంపెనీ మూతే. నన్ను చూసైనా చెప్పు."

నాకు జాలేసింది, అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు మా ఆఫీసులో కాగితం తెచ్చినవాడూ ఇలాగే బతిమాలాడు, 'మీరు పెట్టకపోతే నా ఉద్యోగం పోతుంది మేడం' అని. జాలిపడే పెట్టాను. నా జాలి ఖరీదు రుఖియా కట్టింది.

"కల్యాణ్, నువ్వంటే నాకు ప్రేమే. అయినా చెప్పను" అన్నాను.

"లాస్ట్ టేక్" అని వాడు లోపలికి వెళ్ళిపోయాడు.

ఎర్ర బల్బు మళ్ళీ వెలిగింది. తాతాజీగారు కాగితం వంక చూశారు. తర్వాత దాన్ని మెల్లగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టేశారు.

"సువర్ణా" అన్నారు. "ఈ మాట నేను నిన్న కూడా అడిగాను కదూ? మొన్న కూడా అడిగాను. నువ్వు పెట్టలేదు. నాకు... నాకు గుర్తొస్తోంది."

అది నా పాత పేజీలోది. ఆయన్ని ఎవరూ అడగలేదు, నేను కన్నుగీటనైనా లేదు. కంఠతా పట్టేశారు ఆ పెద్దాయన! నాకు దుఃఖం ఆగలేదు. మైకు ముందే ఏడ్చేశాను. జకర్యా ఆపకుండా అంతా రికార్డు చేశాడు.

అప్పుడే కల్యాణ్ సెల్‌ఫోను మోగింది. మెట్ల మీదకు వెళ్ళి పది నిమిషాలు మాట్లాడి వచ్చాడు.

"పోలరాజుగారు ఫైళ్ళన్నీ తెచ్చెయ్యమన్నారు, ఇవాళ్టిది కూడా. కంపెనీవేనట, మొదట్లో మనం రాసుకున్న అగ్రిమెంట్లో ఉంది కదా. ఎనిమిదోది వేరే ఆమె గొంతుతో చేయిస్తారు."

"ఆ అగ్రిమెంటు తియ్యి" అన్నాను.

తీశాడు. చూడగానే నవ్వొచ్చింది, ఎందుకంటే దాన్ని ఎప్పుడో టైపు చేసింది నేనే. డాక్టర్ల రికార్డింగుల కోసం మా ఆఫీసు వాడే ఫారం. మా దగ్గర్నుంచి ఒకటి తీసుకుని, పేరు మార్చి వాడేసుకున్నాడు వెర్రిబాగులవాడు.

"ఇందులో ఏముంది? ఆడియో ఫైళ్ళు కంపెనీవి అని ఉంది. డాక్టరు గొణుగుడుకి కథ ఉండదు కాబట్టి కథ ఎవరిదో మా ఫారంలో రాయలేదు. నీదాంట్లోనూ లేదు. కథ నాది. నేను ఒప్పుకోకుండా ఎనిమిదోది ఎవరి గొంతుతోనూ చెయ్యలేరు."

కల్యాణ్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చిన్నగా అన్నాడు. "ఒక్క కాగితం రాసిచ్చెయ్ అక్కా, కథ కూడా కంపెనీదేనని. ఆ ఏడు భాగాలైనా జనం వింటారు. ఇవ్వకపోతే ఆయన బీరువాలో పడేస్తారు. ఏడు నెలల ఆదివారాలు మట్టికొట్టుకుపోతాయి. ఒక్క సంతకం."

అందరూ నా వైపు చూశారు. ఆ ఏడు భాగాల్లో నా ఒక్కదాని కష్టమే లేదు. తాతాజీగారి దగ్గు మందులున్నాయి, చాచా మూసుకున్న దుకాణం ఉంది, జకర్యా వదులుకున్న పాటల రికార్డింగులున్నాయి. నేను తాతాజీగారి వంక చూశాను. ఆయన అడ్డంగా తలూపారు. షంషీర్ చాచా, "పెట్టకమ్మా" అన్నాడు, అంతే.

"పెట్టను" అన్నాను. "జకర్యా, ఇచ్చెయ్ అన్నీ. మన దగ్గర ఒక్క ముక్క కూడా ఉంచుకోకు. వాళ్ళవి వాళ్ళకే పోనీ."

జకర్యా సీడీలన్నీ ఒక కవర్లో పెట్టి ఇచ్చాడు. ఆ కవరు కల్యాణ్ చేతిలోకి వెళ్ళింది. నొప్పి లేదని బుకాయించను. కానీ ఏడాది తర్వాత మొదటిసారి నా కుడిచేతిని చూసుకుంటే నాకు సిగ్గనిపించలేదు.

"ఇంకా గంట టైముంది అక్కా. ఏం చేద్దామంటవ్?" అన్నాడు జకర్యా.

"మొదటి భాగం, మొదటి సీను."

తాతాజీగారు గొంతు సవరించుకున్నారు. షంషీర్ చాచా తన తలుపుని జరుపుకుంటూ, "షురూ చెయ్యమ్మా, నేను తయార్" అన్నాడు.

కల్యాణ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు, కవరు రెండు చేతులతో పట్టుకుని. "మళ్ళీ అంతా చేస్తారా? ఎవరు వినిపిస్తారు? ఈసారి కూడా ఇంకో పోలరాజు వచ్చి మార్చమంటే?"

"అప్పుడు అదీ వాడికే ఇచ్చేసి, మళ్ళీ మొదటి నుంచి చేస్తాం" అన్నాను. "వెళ్ళేటప్పుడు తలుపు వేసెళ్ళు. రికార్డింగ్ మొదలవుతోంది."