కల్లం చేతులు

ప్రిస్కిల్లాకు కూర్చుంటే చాలు, కళ్ళు మూతలు పడుతున్నాయి. నిన్న పొద్దుగూకేదాకా మిరపకల్లంలో తాలుకాయలు ఏరి, ఇవాళ మొదటి బస్సుకే గురజాల నుంచి నరసరావుపేట గ్రౌండుకు వచ్చి పడింది. ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టుంది. అయినా కూతురి సంగతి తేలందే కదిలేది లేదు. జిల్లా ఆడపిల్లల క్రికెట్ జట్టులో కెజియా పేరు పడిందా, హాస్టల్లో సీటు, చదువు, మూడుపూటలా తిండి. పడలేదా, రేపట్నుంచి తల్లి పక్కనే కల్లంలో కూర్చోవాలి.

ఊళ్ళో దాన్ని అందరూ 'వెస్టిండీస్' అంటారు. టీకొట్టు మీరా సాహెబ్ పెట్టిన పేరది. "చిన్నప్పుడు రేడియోలో విన్నా. ఆ దేశపోళ్ళు బంతేస్తే కంటికి ఆనదంట. ఈ పిల్లదీ అంతే" అంటాడు. పత్తి పీకేసిన చేలల్లో చెప్పుల్లేకుండా పరిగెత్తి నేర్చుకున్న విద్య మరి!

పాడు మబ్బు నిన్ననే పట్టాలా! రైతు ఆంజనేయులు కేకేశాడు. "ప్రిస్కిల్లా, కాయ తడిస్తే మునిగిపోతా. పిల్లను గూడా తీసుకరా." రేపు దానికి సెలక్షనండీ అనే మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. రేపటి పనికి మళ్ళీ ఆయన గడపే తొక్కాలి కదా. పిల్లను తీసుకెళ్ళింది.

ఇవాళ బస్సులో దారి పొడుగునా కెజియా అరచేతులు ఊదుకుంటూనే ఉంది.

"మంటలమ్మా. చానా మండుతున్నయ్."

కల్లానికి పోయే ఆడవాళ్ళ సంచిలో అన్నం గిన్నె లేకపోయినా కొబ్బరినూనె సీసా ఉంటుంది. గ్రౌండు బయట ప్రిస్కిల్లా కూతుర్ని కూర్చోబెట్టి, వేళ్ళ సందుల్లోకి ఇంకేలా నూనె పట్టించింది.

"చాల్లే అమ్మా."

"ఉండవే. మంట ఉంటే బంతెట్టా పట్టుకుంటావ్?"

పిల్ల మొహం తెరిపిన పడింది. ప్రిస్కిల్లాకు ప్రాణం లేచొచ్చింది.

కెజియా పరుగెత్తుకొచ్చి వేసిన మొదటి బంతి కీపర్ తల మీదుగా పోయింది. తర్వాతది ఎటో పక్కకు పోయింది. ఆ తర్వాతది కాళ్ళ దగ్గరే జారిపడితే పిల్లలంతా నవ్వారు. బడిలో ఆట నేర్పే సత్తార్ మాస్టారు తల పట్టుకున్నారు. ఇంకో బంతి గీత దాటి ప్రిస్కిల్లా కాళ్ళ దగ్గరికి దొర్లింది. తీయబోతే చేతిలోంచి జారింది. మళ్ళీ తీసింది. గుప్పున కొబ్బరినూనె వాసన.

అయ్యో దేవుడా! తను పూసిన నూనే!

అప్పటికే టోపీ పెట్టుకున్న సెలెక్టరమ్మ కెజియా చేతులు చూస్తోంది. "ఈ జిడ్డేంటి?"

"తలకు రాసుకున్నా మేడమ్. కడుక్కోవడం మర్చిపోయా."

తల్లి మీదికి మాట రానివ్వకుండా ఎంత నిబ్బరంగా అబద్ధమాడిందో పిల్ల! నిన్న ఆంజనేయులు ముందు పెగలని గొంతు ఇప్పుడు పెగిలింది. ప్రిస్కిల్లా బంతి పట్టుకుని లోపలికి నడిచింది.

"అమ్మా, తప్పు దానిది కాదు. నిన్న మిరపకాయలు ఏరించింది నేను. మంటలంటే నూనె పూసిందీ నేనే. ఇంకొక్కసారి ఎయ్యనియ్యండమ్మా."

ఆవిడ గడియారం చూసింది. తల్లి చేతులూ చూసింది. "ఒక్క ఓవర్. త్వరగా కడుక్కురండి."

నీళ్ళకు నూనె వదలదు. సబ్బు లేదు. ప్రిస్కిల్లా పొడిమట్టి దోసిట్లోకి తీసుకుని, గిన్నెలు తోమినట్టు కూతురి చేతులు తోమింది. పొక్కిన చర్మం ఎర్రబడింది. కెజియా పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంది.

"అమ్మా, మళ్ళీ మంట!"

"మండనియ్యవే." ఆ మాట అనడానికి ప్రిస్కిల్లాకు ప్రాణం పోయినంత పనైంది. కొంగుతో తుడిచి పంపింది.

ఈసారి బంతి ఎవరి కంటికీ ఆనలేదు. వికెట్ ఎగిరి పడ్డ చప్పుడు మాత్రం వినబడింది. ఓవర్ అయ్యేలోపు మరొకటి ఎగిరింది. సెలెక్టరమ్మ సత్తార్ మాస్టారిని పిలిచి, హాస్టలుకు కావలసిన కాగితాలు రేపే పంపమంది. మాస్టారు అక్కణ్ణించే బొటనవేలెత్తి చూపించారు.

ప్రిస్కిల్లా సంచి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కెజియా పరుగెత్తుకొచ్చి, ఎర్రటి అరచేతులు రెండూ తల్లి ముందు చాపింది.

"సీసా తియ్యమ్మా. ఇప్పుడు పుయ్యి."

జిడ్డు సీసా మూత ప్రిస్కిల్లా చేతిలో జారింది. కూతురే తీసింది.