సర్వే రోజు ఏడు గంటల బస్సు

నా నోరు మంచిది కాదని మా ఆయన పెళ్లయిన వారానికే కనిపెట్టాడు. డిపోలో కూడా అందరికీ తెలుసు. తెలియనిది తునికిగుంపు ఆడవాళ్లకే. నేను కసిరినా వాళ్లకు అది ప్రేమగానే వినిపిస్తుంది.

పినపాక అవతల అడవిలో చివరి ఊరది. పొద్దున ఏడింటికి మా సర్కారు బస్సు అక్కడినుంచి బయలుదేరుతుంది. డ్రైవర్ భీమ్లా, కండక్టర్‌ని నేను. నా పేరు తబిత. నష్టాల రూట్లను ప్రైవేటు వాళ్లకు అప్పజెప్పే ముందు సర్వే చేస్తున్నారని, బుధవారం మా వంతని కబురొచ్చింది. టికెట్ కొన్నా, ఉచితంగా ఎక్కినా సీట్లు నిండితే బస్సు ఉంటుంది. లేకపోతే ప్రైవేటు బండి వస్తుంది, అది పినపాక దాటి అడవిలోకి రానే రాదు. ఆ ఊరి జంపక్క కూతురు భవాని మణుగూరులో ఇంటర్ చదువుతోంది. ఈ బస్సు పోతే ఆ పిల్ల చదువు పోయినట్టే.

మంగళవారం నా మనసు మనసులో లేదు. బస్సేమో కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు ఎలాగూ ఉచితమే కదా. ఎవరి గంపో నా కాలిమీద పడింది. ఒళ్లు మండి అరిచాను.

"ఫ్రీ అని ఊరు ఊరంత ఎక్కుతరు. బస్సు చూస్తే లాస్‌ల నడుస్తంది. రేపు సారు లెక్క రాసుకోను వస్తుండు. లాస్ అని తేలితే బస్సు బంద్, తెలుసా?"

జంపక్క "అవ్‌నా తల్లీ" అంది.

బుధవారం సర్వే ఆయన వచ్చాడు. పేరు శాంతికుమార్. ట్యాబ్ పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఏడయింది. తునికిగుంపు స్టేజీలో ఒక్క మనిషి లేడు. ఏడు దాటి పది నిమిషాలయింది. నేను దిగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. భీమ్లా హారన్ మీద చెయ్యి తీయలేదు.

"ఎవరన్న చచ్చిపోయిన్రా ఏంది?" అన్నాడు.

ఇళ్లకు గొళ్లేలు పెట్టి ఉన్నాయి. ఖాళీ బస్సుతోనే బయలుదేరాం.

"టికెట్ మెషిన్ చూడండి సార్, రోజూ అరవై మందికి తక్కువ ఉండరు" అన్నాను.

"మెషిన్ లెక్క వద్దన్నారు మేడమ్. కళ్లతో చూసిందే రాయమన్నారు" అన్నాడు శాంతికుమార్.

రెండు కిలోమీటర్లు వచ్చాక కనిపించారు. గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లంతా వరుసగా నడుస్తున్నారు. ముందు జంపక్క, వెనక చెప్పులు చేత్తో పట్టుకుని భవాని. బస్సు చప్పుడు వినగానే పక్కకు తప్పుకుని దారిచ్చారు. బస్సు ఆగీ ఆగకముందే దూకాను.

"నడుస్తరేంది? ఎక్కండి జల్దీ!"

"ఇయ్యాల ఎక్కం తల్లీ" అంది జంపక్క గొంతు తగ్గించి. "మేం ఫ్రీగ ఎక్కుడుతోనే గద నీ బస్సుకు లాసు. సారు చూసే రోజన్న లాసు కావొద్దని అందరం కూసొని అనుకున్నం."

జంపక్క నెత్తిమీది గంప అందుకోబోయాను.

"కాదక్కా, కోపంల ఏదో అన్న. మీరు ఎక్కితేనే బస్సు ఉంటది. దండం పెడత, ఎక్కు."

జంపక్క బస్సులో ఉన్న సర్వే ఆయన వైపు ఒకసారి చూసి, నాకు కన్ను గీటింది.

"సారు ముందర గట్లనే అంటవు. మాకు ఎరుకలే. నువ్వు పో."

భవాని చెయ్యి పట్టి లాగాను. నవ్వుతూ విడిపించుకుంది.

"ఒక్క రోజే గద మేడమ్, పినపాక దాక నడుస్త."

బస్సెక్కి శాంతికుమార్‌కు జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. పాపం, చివరిదాకా విన్నాడు. తర్వాత ట్యాబ్ నావైపు తిప్పి చూపించాడు. కారణం రాసే చోటే లేదందులో. ఎక్కినవాళ్లెందరు అన్న గడి ఒక్కటే ఉంది. సున్నా కొట్టాడు.

పినపాక దాకా ఖాళీ సీట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ప్రార్థన చేద్దామంటే ప్రభువును ఏమని అడగాలో తోచలేదు. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

సాయంత్రం తిరుగు ట్రిప్పులో పినపాక స్టేజీ దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. మోకాళ్ల దాకా దుమ్ము. బస్సు ఆగినా ఎవరూ కదల్లేదు. జంపక్క ఒక్కతే తలుపు దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూసింది. ముఖం వెలిగిపోతోంది.

"లెక్క సారు దిగిపోయిండా తల్లీ? ఇగ ఎక్కొచ్చా?"