అరఠావు

"కథ వద్దమ్మా, పాయింటు చెప్పండి," అన్నాడు గుమాస్తా, చెవి మీది పెన్సిలు తీస్తూ.

ఎదురు బెంచీ మీది ఆవిడ అప్పటికింకా పెళ్ళిచూపుల దగ్గరే ఉంది. తొమ్మిదేళ్ళ కాపురం. ఆ లెక్కన చెప్పుకుంటూ పోతే వినడానికీ తొమ్మిదేళ్ళు పడుతుంది. విడాకుల వకీలుగారి గదిలోకి వెళ్ళేముందు ఎంతటివాళ్ళయినా ఈ వసారాలో గుమాస్తా ముందు కూర్చోవలసిందే. వాళ్ళ గోడు ఆయన అరఠావు కాగితం మీదికి పాయింట్లుగా దించుతాడు. వకీలుగారు ఆ కాగితం చూసుకునే మాట్లాడతారు. ఎంత పెద్ద కాపురమైనా అరఠావు దాటకూడదని గుమాస్తా పంతం. కుర్రవకీళ్ళు చాటుగా ఆయన్ని "అరఠావు" అనే పిలుస్తారు. ఆ సంగతి తెలిసినా ఆయన ఏమీ అనుకోలేదు. బిరుదు కిందే జమకట్టుకున్నాడు.

నలభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. చొక్కా ఇస్త్రీ నలగదు కానీ బల్లకు ఆనీ ఆనీ మోచేతుల దగ్గర బట్ట పలచబడింది. ఇరవై ఆరేళ్ళుగా పెన్సిలు ఒత్తుకున్న మధ్యవేలి మీద చిన్న కాయ కాసింది.

"పిల్లాడు ఎవరి దగ్గరున్నాడు?"

"నా దగ్గరేనండీ. వాళ్ళ నాన్న ఎత్తుకుపోతాడేమోనని బడి మార్చేద్దామనుకుంటున్నా."

"ఆ పని మాత్రం చెయ్యకండి. పిల్లల కుదురు చెదరగొడితే జడ్జిగారికి గిట్టదు. తండ్రి మీద చెడ్డమాటలు నూరిపోయకండి. చూడ్డానికొస్తే అడ్డుపడకండి. రేపు మీకే కలిసొస్తుంది."

ఆవిడ కళ్ళు తుడుచుకుని దణ్ణం పెట్టింది. గుమాస్తా నిండుగా తలపంకించాడు. మంచి సలహా ఇచ్చిన పూట ఆయనకు ఆకలి బాగా వేస్తుంది.

ఇంట్లోనూ ఆయన సలహాలకు కొరత లేదు. ఏడాదిగా భార్య, ఆయన భోజనానికి కూర్చున్నప్పుడల్లా, "ఏమండీ, పక్కింటావిడ అడగమంది," అంటూ ఏదో ఒకటి అడిగేది. మొగుడితో చెప్పకుండా ఇల్లు వదిలేస్తే తప్పా? పిల్లని ఎవరికిస్తారు? మామూలుగా భార్య నోరు విప్పితే ఆయన దృష్టి పేపరు మీదికి పోతుంది. ఈ ప్రశ్నలకు మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టేవాడు. "చెప్పకుండా పోతే తప్పు ఆవిడ మీదికే వస్తుంది. ముందు వకీలు చేత నోటీసు ఇప్పించమను. బడికి దగ్గర్లోనే ఇల్లు చూసుకోమను. తండ్రి పిల్లని చూసే రోజులు తనే రాసిమ్మను," అని అన్నం కలుపుతూ చెప్పేవాడు. ఒకరోజు ఉత్సాహం ఆపుకోలేక అరఠావు మీద తొమ్మిది పాయింట్లు రాసి ఆమె చేతికిచ్చాడు. "పక్కింటివాళ్ళు కదా, ఫీజు వద్దులే," అని నవ్వాడు కూడా. ఆమె నవ్వలేదు. ఆయన అది చూడలేదు.

మధ్యాహ్నం టపా వచ్చింది. కవర్లన్నీ ఒక వరసలో పెట్టి, పైన ఎవరి పేరుందో చూడకుండానే స్కేలుతో చకచకా చించాడు. అవతలి వకీళ్ళ నోటీసులనూ అరఠావుకి కుదించడం ఆయన పనే. అందులో ఆయనకో పద్ధతి ఉంది. పేర్లుండే మొదటి కాగితం తిరగేసి బరువు కింద పెట్టి, రెండో కాగితం నుంచి చదువుతాడు. పేర్లు చూస్తే మొహాలు గుర్తొస్తాయి, మొహాలు గుర్తొస్తే పాయింటు జారిపోతుందంటాడు.

మూడో కవరు తీశాడు. పెన్సిలు కదిలింది.

ఒకటి: కాపురం పద్నాలుగేళ్ళు. ఆడపిల్ల, పదేళ్ళు.

రెండు: భర్త కొట్టడు, తిట్టడు, తాగడు.

"మరింకేం రోగం తల్లీ నీకు?" అని గొణుక్కున్నాడు.

మూడు: పిల్ల తల్లి దగ్గర. బడి మారదు. ఆదివారాలూ, సెలవుల్లో సగమూ తండ్రి దగ్గర.

ఎవరో బాగా తెలిసినవాళ్ళే చెప్పారు, గట్టి కేసు, అని మెచ్చుకుని, అంచున ఎర్ర గీత కూడా పెట్టాడు.

నాలుగు: భార్య తల్లి పోయినట్టు ఫోనొచ్చింది. ఆమె ఏడుస్తూ చెప్పబోతే భర్త, "కథ వద్దు, పాయింటు చెప్పు" అన్నాడు.

పెన్సిలు అక్కడ ఆగిపోయింది.

కళ్ళ ముందు తన వంటింటి గుమ్మం, చేతిలో ఫోనుతో భార్య. ఆ మాట అన్నది తనే. "అమ్మ పోయింది," అని ఆమె రెండే ముక్కల్లో చెప్పింది. బరువు కింది కాగితం లాగి తిప్పాడు. తన పేరే. ఆఫీసు చిరునామాకు తనకే వచ్చిన నోటీసు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. కానీ ఈ బల్లి తన చావును తనే పాయింట్లుగా రాసి, అంచున ఎర్ర గీత కూడా పెట్టింది.

వకీలుగారితో ఒక్క మాటైనా చెప్పకుండా ఇంటికి పరుగెత్తాడు. దారిలో ఆలోచన ఒక్కటే: ఆమె ఉందా, వెళ్ళిపోయిందా?

ఉంది. ముందుగదిలో రెండు పెట్టెలు, పిల్ల బట్టల సంచీ ఉన్నాయి. బయట బండివాడు ఎదురుచూస్తున్నాడు.

"నోటీసు అందిందా అండీ?" అంది భార్య. గొంతులో కోపం లేదు. "అది అందకుండా వెళ్ళకూడదని ఆగాను. పిల్లని బడి నుంచి నేనే తీసుకెళ్తాను. ఆదివారం మీ దగ్గరికి పంపిస్తా."

ఆయన పెట్టెల వంక చూసి, "మరి... పక్కింటావిడ?" అన్నాడు.

"పక్కింటికి మూడేళ్ళ నుంచీ తాళమేనండీ."

కిటికీలోంచి చూశాడు. రోజుకు రెండుసార్లు తను దాటిపోయే గేటే. తాళం తుప్పు పట్టి ఉంది.

కుర్చీలో కూలబడ్డాడు. "కూర్చో. కాసేపు కూర్చో. చెప్పు, అంతా చెప్పు, మొదట్నుంచీ చెప్పు. నేను వింటాను," అన్నాడు. ఆ మాటలు బతిమాలుతూ ఆయన ఎవరితోనూ ఎన్నడూ అనలేదు.

ఆమె కళ్ళు నిండాయి. ఒక్క క్షణం కూర్చుంటుందనే అనిపించింది. తర్వాత సంచీ భుజాన వేసుకుంది.

"ఇంక కథేం లేదండీ, పాయింటే. వెళ్తున్నాను."

బండి చప్పుడు వీధి మలుపు దాటేదాకా వినిపించింది. ఆయన తలెత్తాడు. భోజనాల బల్ల మీద, రోజూ తన కంచం పెట్టే చోట, ఒక అరఠావు కాగితం ఉంది. మడతలు నలిగి మెత్తబడింది. తన దస్తూరీయే, తన తొమ్మిది పాయింట్లే. మొదటిది, ఎవరికైనా ఆయన అలవాటుగా రాసేదే: "ముందు భర్తతో ఒకసారి కూర్చుని మాట్లాడి చూడాలి."

మిగిలిన ఎనిమిదింటికీ ఒక్కొక్క టిక్కే ఉంది. మొదటిదాని పక్కన మాత్రం, వేరు వేరు సిరాలతో, కాగితం అంచుదాకా పదకొండు టిక్కులున్నాయి.