పెద్దమనిషి కూతకెళ్ళింది

నాయనమ్మ వీధి గుమ్మంలో నిలబడి "మా ఝాన్సీ పెద్దమనిషి అయిందహో!" అని కేకేసిన మరుక్షణం ఝాన్సీ జానెడు పొడుగవుతుంది. పరికిణీ అంచు మోకాళ్ళకొస్తుంది. ఆ సంగతి ఒక్కరూ పట్టించుకోరు. పదమూడేళ్ళ పిల్లని మూలన తాటాకు చాప మీద కూర్చోబెట్టి, నువ్వుల చిమ్మిలి ఉండని దూరం నుంచి ఒళ్ళో పడేస్తారు.

"కదలమాకు. ఎవర్నీ ముట్టుకోమాకు," అంటుంది నాయనమ్మ.

ముట్టుకోకపోతే ఎట్లా? ఆదివారం జిల్లా కబడ్డీ సెలెక్షన్లు. బడి జట్టులో కూతకెళ్ళేది ఝాన్సీ. గీత దాటి, అవతలివాళ్ళని ముట్టుకుని రావడమే ఆమె పని. అందులో ఆమెని మించినవాళ్ళు మండలంలోనే లేరు.

"ఆదివారమే నీ ఫంక్షన్‌కి ముహూర్తం కుదిరింది," అంటాడు నాన్న. "పెద్దమనిషివయ్యావు, ఇంకా ఆటలేందమ్మా?"

ఇంకో జానెడు పొడుగవుతుంది.

"పెద్దమనిషినైతే నా మాట వినాలిగా నాన్నా?"

"నోర్ముయ్. చిన్నపిల్లవి, నీకేం తెలుసు?"

చిన్నపిల్ల అన్నందుకు ఝాన్సీ తగ్గదు. ఇంటి కప్పే జానెడు కిందికి దిగుతుంది. ఆమె మెడ వంచుకుని కూర్చుంటుంది. ఒళ్ళు మండిపోతోంది.

మర్నాడు పొద్దున్నే వెనకవీధి మస్తానూ కోటయ్యా వస్తారు. ఇద్దరి మధ్యా వాళ్ళ గోడ కూడా నడుచుకుంటూ వస్తుంది.

"మీ ఇంట్లో కొత్తగా పెద్దమనిషి అయ్యారంటగా. మా గోడ తగాదా తీర్చాలి," అంటాడు మస్తాను.

నాన్న కుర్చీలు వేస్తాడు. ఝాన్సీ ఇద్దరి మాటా వింటుంది. తర్వాత గోడని కూడా అడుగుతుంది. నిలబడీ నిలబడీ కాళ్ళు పీకుతున్నాయంటుంది గోడ.

"అయితే దాన్ని కాసేపు పడుకోనీండి," అంటుంది ఝాన్సీ.

ముగ్గురూ దండం పెట్టి వెళ్ళిపోతారు.

"ఏం తీర్పు చెప్పావే తల్లీ!" నాన్న మీసం దువ్వుకుంటాడు.

"నా తగాదా కూడా నేనే తీర్చేస్తున్నా. ఆదివారం ఆటకి పోతా."

"అది ఇంటి విషయం. ఇంటి విషయాల్లో పెద్దమనుషులు వేలు పెట్టకూడదు."

ఝాన్సీకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎంత చక్కటి న్యాయం! ఊళ్ళో గోడలకి చెప్పొచ్చట, తన కాళ్ళకి తను చెప్పుకోకూడదట. కింద తాటాకు చాప కమురు వాసన కొడుతుంది.

ఆదివారం చుట్టాలు దిగుతారు. అక్షింతలు వేసిన ప్రతి ఒక్కరూ "పెద్దమనిషివయ్యావు, ఇక బుద్ధిగా ఉండు" అంటారు. మాటకో జానెడు. మోకాళ్ళు గడ్డానికి ఆనుతాయి, వీపు కప్పుకి ఆనుతుంది. పూలజడ వేయడానికి అమ్మ నిచ్చెనెక్కుతుంది. ఎవరూ చూడకుండా పూలన్నీ పీకేసి, జుట్టు గట్టిగా ముడేస్తుంది.

"వదులుగా ఉంటే జుట్టు పట్టుకుని లాగుతారు," అంటుంది చెవిలో. ఇన్నాళ్ళలో ఝాన్సీని ముట్టుకున్నది అమ్మ ఒక్కతే.

బడి మైదానంలో ఈల మోగుతుంది. ఝాన్సీ లేచి నిలబడుతుంది.

కప్పు పగిలి, ఇల్లు నడుము దాకా జారి, పరికిణీలాగా సరిగ్గా సరిపోతుంది. గదుల్లో చుట్టాలు బిర్యానీ తింటూనే ఉంటారు. రెండంగల్లో మైదానం వచ్చేస్తుంది. రిఫరీ ఇంటి గుమ్మం కేసి చూసి, డోర్ నంబరునే జెర్సీ నంబరుగా రాసుకుంటాడు.

"దిగమ్మా, నలుగురూ చూస్తున్నారు!" వంటింటి కిటికీలోంచి నాన్న అరుస్తాడు.

"చూడనీ నాన్నా. అందుకేగా పిలిచారు."

ఝాన్సీ దమ్ము పడుతుంది. ఇంట్లో గాలంతా, నాన్న అరుపుతో సహా, ఆమె గుండెల్లోకి పోతుంది. గీత దాటుతుంది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ.

అవతలి కోర్టుకి ఏడు మూలలు. మూలకో తాటాకు చాప, చాప మీదో పిల్ల, ఒళ్ళో చిమ్మిలి ఉండ. ఝాన్సీ ముట్టుకున్న పిల్లనల్లా రిఫరీ "అవుట్!" అంటాడు. అవుటంటే బయటికే గదా. ఆ పిల్ల తన ఇంటిని నడుముకి తగిలించుకుని, లేచి బయటికి నడుస్తుంది.

ఏడో చాప మీద నాయనమ్మ ఉంది. గడ్డం మీద పుట్టుమచ్చ అదే, వయసు మాత్రం పదమూడు.

"ముట్టుకోమాకే," అంటుంది, రెండు చేతులూ చాస్తూ.

ఝాన్సీ ముట్టుకుంటుంది. అరవయ్యేళ్ళ మసి రాలుస్తూ పాత పెంకుటిల్లు లేస్తుంది. మైదానం నిండా ఇళ్ళు నడుస్తుంటాయి. ఝాన్సీ దమ్ము ఇంకా తెగలేదు.